జీర్ణభవనములు – నవ్యవాస్తువు



వాస్తువిద్యను గూర్చి ప్రసంగించునపుడు క్రొత్తగా కట్టుటను గూర్చియే మాటలాడుట మనకు పరిపాటియైనది. కాని తాతలనాడు కట్టబడి, కట్టిన ప్రయోజనము తీరిపోయినను గోడలు గట్టిగా నిలిచియున్న మేడలను, గిడ్డంగులను, కర్మాగారములను ఏమి చేయవలెనన్నదే నేటి స్థపతికి ఎదురగు ప్రశ్నలలో కఠినతరమైనదని నా నమ్మకము. కూలగొట్టి స్థలము చదును చేయుమనువారు కొందఱు. ఒకనాడు ఎట్లుండెనో అట్లే, నిన్న కట్టి ముగించినట్లు, మరల నిలుపుమనువారు మఱికొందఱు. ఉభయులును నడుమ గడచిన కాలమును లేదనుచున్నారు. పాతది పాతదిగను క్రొత్తది క్రొత్తదిగను కన్పట్టుచు, రెండును ఒక్క యింటి అంగములై మెలగవలెనని నా మతము. 1964లో వెనిసు నగరమున సమావేశమైన స్థపతులు, తప్పనిసరిగా చేర్చవలసిన క్రొత్తపని స్వకాలముద్రను ధరింపవలెనని తమ శాసనపత్రమున వ్రాసికొనిరి. ఆ వాక్యమును ఆచరణలో చూడగోరువారు బెర్లినునకు పోవలెను.

అచ్చటి నోయెస్ మ్యూజియమును స్థపతి షింకెల్ శిష్యుడగు స్టూలర్ 1843లో ఆరంభించి 1855 నాటికి ముగించెను. స్ప్రే నదిలోని దీవి యగుటచే నేల మెత్తనిది. కావున ఆవిరియంత్రముతో దుంగలు దిగగొట్టి పునాది వేసి, పైభారము తగ్గించుటకై బోలు మట్టికుండలను పేర్చి కప్పులకు కమానులు కట్టిరి. 1943 నవంబరులో బాంబుదాడికి నడిమి సోపానశాల దగ్ధమైనది. 1945లో వాయవ్యభాగము నేలగూలినది. అటుపిమ్మట దశాబ్దములు ఆ శిథిలము వానకును మంచుకును ఒడలొగ్గి నిలిచెను. 1997లో డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ అను ఆంగ్ల స్థపతికి, జీర్ణోద్ధరణ కోవిదుడగు జూలియన్ హారప్ తోడుగా, ఆ పని అప్పగింపబడినది.

ఆ సోపానశాలను కొంత నిదానించి పరికింపుడు. కౌల్‌బాఖ్ కుడ్యచిత్రములతో ఒకనాడు వెలిగిన గోడలు నేడు వట్టి ఇటుకలతో, అగ్ని తాకిడి నెఱిగిన మేనితో నిలిచియున్నవి. వాని నడుమ క్రొత్త మెట్లు పాతమెట్ల త్రోవనే పట్టి పైకి పోవును. కాని అవి తెల్లని సిమెంటులో చలువరాతి పలుకులు కలిపి పోతపోసిన పెద్ద దిమ్మెలు. వానిపై ఒక లతగాని, ఒక పుష్పముగాని చెక్కలేదు. కూలిన వాయవ్యభాగమును పాతకట్టడములనుండి సేకరించిన ఇటుకలతోనే ఎత్తిరి; ఇటుక నాటిది, రూపము నేటిది. తక్కిన గదులలో వర్ణలేపము ఎంత మిగిలినదో అంతయే నిలిపి, రాలినచోట లేని చిత్రమును ఊహించి గీయక, కంటికి నెమ్మదియగు పూత పూసి విడిచిరి.

బెర్లిను పౌరులలో కొందఱు దీనిని తీవ్రముగా నిరసించిరి. పూర్వవైభవము యథాతథముగా కావలెనని వారి పట్టు. యుద్ధమున కోల్పోయినదానిని మరల కన్నులార చూడగోరుట సహజమే. ఆ వేదనను నేను తేలికగా చూడను. అయినను వారి కోరికయే చెల్లియుండినచో, ఆ నగరము రగిల్చిన యుద్ధమును, తానును అందు కాలుటయు ఆ గోడలమీదినుండి తుడిచివేయబడియుండెడిది. 2009 అక్టోబరులో మ్యూజియము తలుపులు తెఱచినపుడు ఈజిప్టు రాణి నెఫర్తీతి ప్రతిమ అచ్చటి గుమ్మటపు గదికి చేరుకొన్నది.

ఇట్టి ఆదరము రాజమందిరములకును ప్రదర్శనశాలలకును మాత్రమే చాలునా? ఫ్రాన్సులోని బోర్డో నగరమున 1960 ప్రాంతమున ప్రభుత్వము సామాన్యులకై కట్టించిన మూడు భవనములలో 530 కాపురములున్నవి. అన్ లకాటన్, జాన్ ఫిలిప్ వస్సాల్ తమ సహచరులతో కలిసి, ఆ గోడల చిన్న కిటికీలను తొలగించి, వెలుపల సిద్ధముగా పోతపోసి తెచ్చిన విశాలమగు గాజు వసారాలను చేర్చిరి. పని జరుగుచుండగా ఇండ్లవారు ఇల్లు విడువలేదు. ఎన్నడును కూల్చరాదన్న వ్రతమునకు కట్టుబడిన ఆ ఇరువురు స్థపతులను 2021లో ప్రిట్జ్‌కర్ బహుమానము వరించినది.

ఇక మన హైదరాబాదు. ఆంగ్లేయ రెసిడెంటు కర్క్‌పాట్రిక్ దొర కోఠీలో లేపిన రెసిడెన్సీ 1949 మొదలు మహిళాకళాశాలకు నెలవైనది. ఆంగ్లేయుల అధికారమును నిజాము కొలువునకు చాటుటకై నిలిపిన కొరింథియన్ స్తంభముల నీడలో తెలుగు పిల్లలు, ఉర్దూ పిల్లలు పుస్తకములు విప్పి చదువుకొనిరి. ఒక కట్టడమునకు ఇంతకంటె ఉదాత్తమగు పరివర్తనమును నేనెఱుగను. 2019లో ఎర్రమంజిలు అను పాతమేడను కూల్చి శాసనసభాభవనము కట్టవలెనన్న నిర్ణయమును హైకోర్టు కొట్టివేసినది, సంతోషమే. కాని తీర్పు కూల్చుటను ఆపగలదు. కప్పు కారకుండ చూచుట, ఆ గదులకు తగిన పని చూపుట మనవంతు.

ఆ పనికి మొదట గోడను తెలియవలెను. మన పాతగోడలు గానుగసున్నముతో కట్టినవి. అవి తేమను పీల్చును, విడుచును. పగులు కనబడగానే దానిపై సిమెంటు మెత్తించుటను నేటికిని ఎన్నియో చోట్ల చూచుచున్నాము. తేమ బయటికి పోలేక లోపలనే చిక్కి, ఇటుకను తినివేసి, కొన్ని వర్షర్తువులలో పూతతోపాటు గోడముఖమునే పెచ్చులుగా ఊడదీయును. చేసినవారు దుర్మార్గులు కారు. సున్నము సంగతి వారికి నేర్పినవారు లేరు.

కావున సభవారి సమక్షమున రెండు ప్రతిపాదనలు ఉంచుచున్నాను. మన వాస్తుకళాశాలలలో ప్రతివిద్యార్థియు పట్టము పుచ్చుకొనుటకు ముందు, తన ఊరి పాతయింటి నొకదానిని స్వయముగా కొలిచి, పటము గీసి, దూలముల చేవను సున్నపుపాలును పరీక్షించి, నేటి అవసరమునకు దానిని ఎట్లు మలచవచ్చునో చూపవలెను. గచ్చుపని యెఱిగిన మేస్త్రీలు ఇంకను కొందఱు మిగిలియున్నారు; వారిని తగిన వేతనముతో ఆ కళాశాలలలో బోధకులుగా నియమింపవలెను. మధ్యాహ్నపు గోష్ఠిలో మొదట వీనిని చర్చకు చేపట్టుడని కోరుచున్నాను.