కారు బీమా: వదులుకొనదగినది, వదులుకొనరానిది

(ప్రోతరాపూర్ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రైలు పట్టాయే లేని ఈ దీవులలో తపాలా ఉద్యోగికి పాత కారు విలాసము కాదు. దాని బీమా మాత్రము ఏటేటా జీతమును కొరుకుచున్నది.

1988 మోటారు వాహనాల చట్టము తప్పనిసరి చేసినది థర్డ్ పార్టీ బీమాను. 2022లో వెయ్యి సి.సి. లోపు కారుకు దాని రేటును ప్రభుత్వము 2,094 రూపాయలుగా నిర్ణయించినది. అక్కడ బేరమునకు తావు లేదు. తగ్గింపును మిగిలిన భాగములోనే వెదకవలెను.

అయిదవ ఏట కారు విలువను కంపెనీలు సగముగానే లెక్కించును. అప్పటికిని తాళపుచెవులు పోయినచో ఇచ్చు రక్షణ వంటి అదనపు హంగులెందుకు? వేరొకచోట 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్న యజమాని, 2019 నుండి దానిని కారు పాలసీతో మరల కొననక్కరలేదు. తెలియక రెండుమార్లు చెల్లించువారున్నారు! చిన్న గీతలకు క్లెయిము చేయకుడు. అయిదేళ్లు వరుసగా క్లెయిము లేనిచో సొంత నష్టపు ప్రీమియములో 50 శాతము తగ్గును.

సొంత నష్టపు బీమానే మానుకొందమని కొందరందురు. నేను అంగీకరించను. 2004 డిసెంబరు 26 నాటి భూకంపమును, సునామీని ఈ దీవులవారు మరువగలరా? అట్టి నష్టమునకు థర్డ్ పార్టీ పాలసీ కాసైనను ఇయ్యదు. దానికి బదులు, మొదటి కొన్ని వేలు మనమే భరించు ‘వాలంటరీ డిడక్టిబుల్’ ఎంత తగ్గించునో ఏజెంటును అడుగుడు. గడువు దాటిన 90 రోజులలోగా రెన్యూవల్ చేయించనిచో, కూడబెట్టిన బోనసంతయు పోవును.