చీర అంచు చెప్పిన గణితము

మాత్రిక యనగా అంకెలను అడ్డువరుసలుగను నిలువువరుసలుగను పేర్చిన పట్టిక. కళాశాలలో పిల్లలు దానిని గుణింతురు, దాని విలోమమును కనుగొందురు, నిండు మార్కులు తెచ్చుకొందురు. మేమును పెక్కేండ్లు అట్లే బోధించితిమి. ఒకనాడు విలోమమును తప్పులేకుండ కట్టిన విద్యార్థినిని, "అమ్మాయీ, ఇది దేనిని వెనుకకు మరల్చుచున్నది?" అని అడిగితిమి. ఆమె మౌనము వహించెను. ఆ మౌనము మా బోధనకు వచ్చిన సున్న యని మాకు తోచినది.

నాటినుండి మేము చేతిఫోనులోని ఛాయాచిత్రముతో పాఠము మొదలిడుచున్నాము. చిత్రములోని ప్రతి చుక్కకును సామాన్యముగా మూడంకెలుండును. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము ఎంతెంతయో అవి తెలుపును. ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. చిత్రమును నలుపుతెలుపుగా మార్చుటకు ఎఱుపును 0.299 చేతను, ఆకుపచ్చను 0.587 చేతను, నీలమును 0.114 చేతను గుణించి కూడుట ఒక పద్ధతి. ఆకుపచ్చకు పెద్దపాలు ఏలయందురా? మన కంటికి ఆ వెలుగే మిగుల ప్రకాశముగ తోచును.

శ్రోతలు ఒక కాగితము తీసికొందురు గాక. ఎఱ్ఱచీరకు ఆకుపచ్చ అంచు ఉన్నదనుకొందము. చీర ఎఱుపు 255, తక్కిన రెండును సున్న. అంచు ఆకుపచ్చ 130, తక్కినవి సున్న. లెక్కించి చూడుడు, చిల్లర విడిచిన రెండింటికిని 76 వచ్చును. నలుపుతెలుపు చిత్రములో అంచు చీరలో కలిసిపోయినది! పిల్లలు ముందు చేతితో గుణించి, పిమ్మటనే కంప్యూటరు మీట నొక్కవలెనని మా పట్టు. ముందే నొక్కినచో అది గారడీ యగునుగాని గణితము కాదు.

ఇక ఆ 76ను చూచి అది చీరయో అంచో చెప్పగలవారెవరు? మూడంకెలు ఒక్కటిగా కుదిరినపుడు విలోమము లేదు.

అమెరికాలో 1953లో రంగుల టెలివిజనుకు ప్రమాణము నిర్ణయించినపుడు, ఇండ్లలోని నలుపుతెలుపు సెట్లు వ్యర్థము కారాదను చిక్కు వచ్చినది. వెలుగును తెలుపు సంకేతముతోపాటు రంగుల భేదములను తెలుపు రెండింటిని పంపుట దానికి ఉపాయమైనది. పాతసెట్టు మొదటిదానితోనే తృప్తిపడును. రంగులసెట్టు మూడింటిని గ్రహించి, విలోమ మాత్రికచే రంగులను మరల రాబట్టును. 1992లో ప్రమాణముగా వెలువడిన జేపెగ్ చిత్రములందును సాధారణముగా ఇట్టి లెక్కయే కలదు.

తరగతిలో అంచును మేమట్లే పంపి చూచితిమి. వెలుగు 76. ఎఱుపునుండి వెలుగును తీసివేయగా −76, నీలమునుండి తీసివేయగను −76. చీరకైనచో ఎఱుపు భేదము 179. కావున రెండును వేరుపడినవి. ఇక వెనుకకు వత్తము. అంచునకు ఎఱుపు సున్న, నీలము సున్న. 76ను 0.587 చే భాగింపగా 129, కొంత చిల్లర.

"మాస్టారండీ, 130 పంపితిమి గదా, 129 వచ్చినదేమి?" అని వెనుకబల్లనుండి ఒక పిల్లవాడు లేచెను. నిజమునకు ఆ వెలుగు 76.31. ఆ చిల్లరను తుడిచివేసినది మేమే. అట్టి చిల్లర ఎచ్చటెచ్చట పోవునో, ఎంతవరకు పోనీయవచ్చునో, అది మరునాటి పాఠమైనది.