నాటిన వరి మూన తిరిగేదాకా



సాగరు కుడికాలువకు నీళ్లు వదిలారంటే పల్నాటి పల్లెల్లో ఇంటింటా హడావుడే. దమ్ములు, నారు పీకుళ్లు, నాట్ల ముఠాల కోసం తిరుగుళ్లు. కడపటి మడి కూడా నాటు పడిందంటే అమ్మయ్య అనుకొని గట్టున కూర్చుంటాం. కాని పైరు బ్రతుకు తేలేది ఆ తరువాతి పది రోజుల్లోనే. ఆ పది రోజుల్లో మొక్కకు కావలసింది ఏమిటి, అక్కరలేనిది ఏమిటి అన్న సంగతి ఇవాళ ముచ్చటించుకుందాం.

పల్నాడంటే ఒకప్పుడు జొన్నకూటికి పేరు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. అప్పటినుంచి మాచర్ల మొదలు నరసరావుపేట దాకా కాలువ అందిన నల్లరేగడిలో వరి నిలబడింది. అయితే కాలువ నీరు ఏటా ఒకే తీరున రాదు. ఆలస్యంగా వచ్చిన ఏడు, నాటిన నారు చచ్చిపోతే మళ్లీ నారు పోసుకునే వ్యవధి ఉండదు. కౌలు కట్టిన రైతుకైతే చెప్పనే అక్కరలేదు. అందుకే ఈ పది రోజులకు అంత విలువ.

నారు పీకినప్పుడు వేళ్లు తెగుతాయి. తెగిన వేళ్లతో మొక్క నీరు సరిగా తాగలేదు. అందుచేత పాత ఆకులు వడలి, కొనలు ఎండి, పాలిపోతాయి. నాలుగైదు రోజులకు మొదట్లో తెల్లని కొత్త వేళ్లు పుడతాయి. ఆపైన సుడిలోనుంచి కొత్త ఆకు నిటారుగా లేస్తుంది. దీన్నే మనం మూన తిరగడం అంటున్నాం. పాత ఆకు నారుమడి నాటిది. అది పోతే పోనీండి. చూడవలసింది కొత్త ఆకును.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మూడో రోజున మడి పాలిపోయి కనిపించగానే యూరియా బస్తా విప్పుతారు. ఏమండీ, నోరు లేనివాడి ముందు విస్తరి వేస్తే ప్రయోజనమేమిటి? వేరు పట్టని మొక్క ఎరువు తినలేదు. వేసినదాంట్లో కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటిలో పోతుంది, మిగిలినది పాచికి మేత అవుతుంది. దమ్ములో వెయ్యవలసిన మోతాదు దమ్ములోనే వేశారు గదా! రెండవ మోతాదు పిలకలు తొడిగే దశకు దాచండి.

పట్నాల్లో గాజు తొట్టెల్లో చేపలు పెంచే వారున్నారు. తొట్టె అడుగున తివాచీ పరచినట్లు అల్లుకొనే చిన్న చిన్న మొక్కలు నాటుతారు. కొత్తగా నాటినప్పుడు వాటి పాత ఆకులు కూడా కరిగిపోతాయి. తెలిసినవాడు కంగారుపడి ఎరువు గుమ్మరించడు. మొక్కను కదల్చడు. నీరు మార్చి, పాచి పట్టకుండా చూసి, కొత్త చిగురు కోసం ఓపిక పడతాడు. తొట్టెకైనా మడికైనా సూత్రం ఒక్కటే: ముందు వేరు, తరువాత మేత.

మరి వేరు త్వరగా పట్టాలంటే ఏం చేయాలి?

మొదటిది, పైపైన నాటించండి. రేగడి మడిలో దమ్ము చేసిన వెంటనే నాటితే మొక్క బురదలో దిగబడుతుంది. ఒకటి రెండు రోజులు బురద పేరుకోనిచ్చి, 2 నుంచి 3 సెంటీమీటర్ల లోతులో నాటాలి. లోతుగా నాటిన మొక్క పైకి రావడానికే శక్తి ఖర్చు చేసుకొని, మరొక వరుస వేళ్లు వేసుకోవలసి వస్తుంది, పిలకలు ఆలస్యమవుతాయి. గుత్తకు నాటే ముఠాలకు తొందర ఉంటుంది. గట్టున నిలబడి, "అమ్మా, పైపైన పెట్టండి, వత్తుగా పెట్టండి" అని చెప్పుకోవడం మన పని. సార్వాలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉండాలి. ప్రతి 2 మీటర్లకు తూర్పు పడమరలుగా 20 సెంటీమీటర్ల కాలిబాట తీస్తే గాలి, వెలుతురు ఆడతాయి. కాలువ ఆలస్యమై నారు ముదిరితే కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి, కుదుళ్లు దగ్గర చేయండి.

రెండవది నీరు. నాటేటప్పుడు పలుచగా ఉంటే చాలు. మూన తిరిగేదాకా రెండంగుళాలకు మించనీయకండి. సుడి మునిగితే మొక్క కుళ్లుతుంది. మూన తిరిగాక అంగుళం చాలు. ఇంకొక మాట. మన మడిలో అక్కరకు మించి నిలిచిన నీరు కాలువ చివర ఉన్న రైతు నాటుకు అందవలసిన నీరు. తగ్గిస్తే మన పిలకలూ పెరుగుతాయి, అతని మడీ తడుస్తుంది.

మూడవది పాచి. భాస్వరం ఎరువును నిలిచిన నీటిపైన చల్లితే పచ్చని పాచి దుప్పటిలా కప్పి, చిన్న మొక్కలను పడదోస్తుంది. భాస్వరం మొత్తం దమ్ములోనే కలియదున్నాలి. పాచి పట్టితే నీరు తీసి ఒక రోజు ఆరగట్టండి. నేల నెర్రె విచ్చనీయకండి. అప్పటికీ తగ్గకపోతే ఎకరాకు 2 కిలోల మైలుతుత్తం పలుచటి గుడ్డలో మూటకట్టి, నీరు పారే మడవలో ఉంచండి. ఆ నీరు చేపల చెరువులోకిగాని, పశువులు తాగే కుంటలోకిగాని పోకుండా చూడండి.

నాలుగవది జింకు. మన సున్నపు రేగళ్లలో దీని లోపం తరచుగా కనిపిస్తుంది. నాటిన రెండు మూడు వారాలకు ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆకు పెళుసుబారి, వంచితే చప్పుడు చేస్తూ విరుగుతుంది. పైరు గిడసబారుతుంది. దీనికి యూరియా మందు కాదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారి చేయండి. పురుగు మందులతో కలపవద్దు. ముందే జాగ్రత్త పడదలిస్తే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు వేసుకోవచ్చు. కాని భాస్వరంతో కలిపి వేయరాదు. రెండు మూడు రోజులు ఎడం ఉండాలి.

ఇదంతా గుర్తుంటుందా అనవచ్చు. గుర్తు పెట్టుకోవలసింది ఒక్క పనే. పదో రోజున మడిలోకి దిగి, నాలుగు చోట్ల ఒక్కొక్క కుదురు పీకి, వేళ్లు కడిగి చూడండి. తెల్లని వేళ్లు గుబురుగా ఉంటే మీ పైరు బ్రతికింది. ఆకు ఎలా ఉన్నా దిగులు పడకండి. వేళ్లు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తే, దుబ్బులో, పచ్చిరొట్టో సరిగా చివకలేదన్నమాట. మురుగు తీసి, నేలకు గాలి తగలనిచ్చి, కొత్త నీరు పెట్టండి. ఆకు మీద తుప్పు మచ్చలుంటే జింకు. అనుమానం తీరకపోతే ఆ కుదురునే తడిగుడ్డలో చుట్టి మీ ఊరి వ్యవసాయ సహాయకునికి చూపించండి.

వేరును చూసి ఎరువు వేయండి. ఆకును చూసి బెదిరిపోకండి.

సెలవు.