ఆటపిడి – పాత కంప్యూటరు

(సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఫైళ్లతోను, నియమావళులతోను దినము గడుపు ఉద్యోగుల సభలో కంప్యూటరు ఆటలకు వాడు జాయ్‌స్టిక్కును గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని ఆ చిన్న పిడి చరిత్రలో ఉద్యోగులకు మిక్కిలి పరిచితమైన ప్రశ్నలు రెండు కలవు. ఒకచోట ఖర్చు తగ్గించినపుడు ఆ బరువు ఎవరి మీద పడినది? పని జరుగు విధమును ఎవరైన వ్రాసి యుంచిరా, లేదా?

పాత కంప్యూటర్ల ఆటపిడులు ముఖ్యముగా రెండు జాతులు. మొదటి జాతిది కేవలము స్విచ్చిల వ్యవహారము. 1977లో అమెరికాలోని అటారీ సంస్థ టెలివిజనుకు తగిలించు ఆటయంత్రము నొకదానిని వెలువరించినది. దాని పిడిని ఏ దిక్కునకు వంచిన ఆ దిక్కునందలి స్విచ్చి కలియును. దిక్కులకు నాలుగు, గుండీకి ఒకటి, మొత్తము ఐదు స్విచ్చిలు. తొమ్మిది సూదుల ప్లగ్గుతో అది యంత్రమునకు తగులును. ఈ ప్లగ్గే తరువాత అటారీ గృహ కంప్యూటర్లకును, 1982లో వచ్చిన కమొడోర్ 64కును, అమీగాకును వాడుకలోనికి వచ్చినది. అదే సంవత్సరము బ్రిటనులో వెలువడిన జెడ్.ఎక్స్. స్పెక్ట్రమ్‌నకు పిడి తగిలించు చోటే లేకుండెను. 1983లో సింక్లెయిర్ సంస్థ ప్రత్యేకముగా నొక పరికరము నమ్మినది. దానికి తగిలించిన పిడిని వంచిన, మీటలపలకపై అంకెల మీటను నొక్కినట్లే యంత్రము గ్రహించెడిది.

రెండవ జాతి పిడి ఎంత వంగినదో కూడ చెప్పును. 1977 నాటి ఆపిల్ 2 యంత్రమును, 1981 ఆగస్టులో వెలువడిన ఐ.బి.ఎమ్. పర్సనల్ కంప్యూటరును ఈ మార్గమునే అనుసరించినవి. 1982లో ఐ.బి.ఎమ్. యంత్రమునకు వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటరు వంటి విమానపు ఆటలకు ఇట్టి పిడియే తగినది. విమానమును కొంచెము వంచుటకును, పూర్తిగా వంచుటకును భేదము కలదు గదా!

ఈ పిడి లోపల రేడియోలో ధ్వనిని హెచ్చించి తగ్గించు మర వంటివి రెండుండును. ఐ.బి.ఎమ్. యంత్రమున పిడి కదలినకొలది విద్యుత్తునకు కలుగు నిరోధము సున్న నుండి లక్ష ఓముల వరకు మారును. కంప్యూటరునకో, అవును కాదు అను రెండు మాటలే తెలియును. అట్టి యంత్రము ఇన్ని మెట్ల కదలికను ఎట్లు తెలిసికొనును?

దీనికి బిందె ఉపమానము చాలును. కుళాయిని పూర్తిగా విప్పిన బిందె త్వరగా నిండును. సన్నగా విడిచిన ఆలస్యముగా నిండును. బిందె నిండుటకు పట్టిన కాలమును లెక్కించిన, కుళాయిని చూడకయే అది ఎంత విప్పియున్నదో చెప్పవచ్చును. ఇక్కడ కుళాయి పిడిలోని నిరోధము. బిందె విద్యుత్తును నింపుకొను కండెన్సరు. హాన్స్ కామెన్‌జిండ్ అను స్విట్జర్లండు దేశీయుడు అమెరికాలో 1971లో రూపొందించిన 555 అను కాలమాపక చిప్పు ప్రసిద్ధమైనది. అట్టి మాపకములు నాలుగింటిని ఒకచోట కూర్చిన 558 అను చిప్పు, బిందె నిండినది లేనిది తెలుపు పనికి నియుక్తమైనది.

ఐ.బి.ఎమ్. వారు ఇచ్చిన లెక్క యిది: 24.2 మైక్రోసెకండ్లకు, ఒక్కొక్క ఓమునకు 0.011 మైక్రోసెకండు చొప్పున కలుపవలెను. నిరోధము లక్ష ఓములైనపుడు సుమారు 1,124 మైక్రోసెకండ్లగును. అనగా ఒక సెకండులో వేయవ భాగమునకు కొంచెము ఎక్కువ. పదునైదు సూదుల ఈ గేమ్ పోర్టునకు నాలుగు కొలతలు, నాలుగు గుండీలు మాత్రమే పట్టును. ఇద్దరు ఆడవలెనన్న చెరి సగము పంచుకొనవలసినదే.

బిందె యొద్ద కాపలా ఎవరు? ఐ.బి.ఎమ్. యంత్రమున ఆ పని ప్రాసెసరు నెత్తిన పడినది. బిందె నిండినదా, నిండినదా అని అడుగుచు, అడిగిన సారులను లెక్కించుచు అది నిలిచియుండవలెను. సెకండునకు 47 లక్షల 70 వేల తాళములతో నడచు ఆ ప్రాసెసరునకు ఒక్క పూర్తి కొలతకు సుమారు 5,360 తాళములు ఖర్చగును. ఆట సెకండునకు ఏబదిమారులు పిడిని చూచినచో, నూటికి ఐదు పాళ్లకు పైగా కాలము కాపలాకే పోవచ్చును. అదే 1981లో బ్రిటనులో ఏకార్న్ సంస్థ వెలువరించిన బి.బి.సి. మైక్రోలో ఈ పనికి వేరుగా నొక చిప్పు కలదు. అది ఒక్కొక్క కొలతకు సుమారు 10 మిల్లీసెకండ్లు తీసికొన్నను, ఆ కాలములో ప్రాసెసరు తన పని తాను చేసికొనెడిది. 1984లో ప్రారంభమైన క్లాస్ ప్రణాళిక ద్వారా భారతదేశపు పాఠశాలలకు చేరినది ఈ బి.బి.సి. మైక్రోయే.

ఐ.బి.ఎమ్. పద్ధతిలో మరియొక చిక్కు కూడ దాగియుండెను. అడిగిన సారుల లెక్క అడుగువాని వేగముపై ఆధారపడును. వేగము హెచ్చిన ప్రాసెసర్లు వచ్చిన కొలది, కదలని పిడికే హెచ్చు లెక్క వచ్చుచుండెను. పాత ఆటలు తికమకపడినవి. కావున ఆట మొదలుకాకమునుపే పిడిని ఒక మూలకు త్రోసి గుండీ నొక్కుమనియు, ఎదుటి మూలకు త్రోసి మరల నొక్కుమనియు ఆటగానిని అడుగవలసి వచ్చినది. వేగమునకు తగినట్లు సరిచేసికొనుటకు మర గల గేమ్ కార్డులును అమ్మకమునకు వచ్చినవి. యంత్రము నిర్మించినవారు మిగుల్చుకొన్న శ్రమ ఆట వ్రాయువానికిని, తుదకు ఆడువానికిని సంక్రమించినదన్నమాట.

ఇంతమాత్రమున ఆ పద్ధతిని నిందించుట న్యాయము కాదు. ఐ.బి.ఎమ్. వారు తమ సాంకేతిక గ్రంథమున గేమ్ పోర్టు వలయచిత్రమును, కాలపు లెక్కను బహిరంగముగా అచ్చువేసిరి. ఇతరులు దానిని చూచి అట్టివి చౌకగా చేసిరి. సింగపూరునకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో వెలువరించిన సౌండ్ బ్లాస్టరు కార్డునందును ఈ ద్వారము చేరుటచే అది ఇంటింటి వస్తువైనది. నిరోధమును కొలువగల ద్వారము గనుక, వేడికి నిరోధము మారు పరికరమును తగిలించి ఉష్ణోగ్రతను కొలిచిన ఉపాధ్యాయులును కలరు. వెలుతురును కొలిచినవారును కలరు. ఆటవస్తువు ప్రయోగశాల పరికరమైనది.

అంతకన్న ముఖ్యమైన ప్రయోజనము మరియొకటి కలదు. గుండీ యనగా కలియు రెండు తీగలే. చేతులు స్వాధీనములో లేనివానికి పాదముతో గాని, మోచేతితో గాని, గడ్డముతో గాని నొక్కదగిన పెద్ద స్విచ్చిని ఆ రెండు తీగలకు తగిలించిన చాలును. టంకము వేయనేర్చిన సామాన్యుడు ఆ పని చేయగలడు. ఎవరి అనుమతియు అక్కరలేదు. అట్టివానికి ఇది వినోదము మాత్రమే కాదు. తోడివారితో సమముగా కూర్చుండి పాల్గొను హక్కు.

కాలక్రమమున నాలుగు గుండీలు చాలలేదు. 1990 తరువాత గ్రావిస్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు అదే ద్వారము గుండా తమతమ సంకేతభాషలలో మాటలాడు పిడులను చేసినవి. లినక్స్ వ్యవస్థలో ఒక్కొక్క భాషకు ఒక్కొక్క ప్రోగ్రామును వేరుగా వ్రాయవలసి వచ్చినది. 1996లో యు.ఎస్.బి. ప్రమాణము వెలువడినది. దానిలో పరికరమే తానెవరో, తనకెన్ని గుండీలో యంత్రమునకు చెప్పుకొనును. మూలలకు త్రోయు తంటా చాలవరకు తీరినది. ఇది నిజమైన అభివృద్ధియే. 2007లో సామాన్యులకు విడుదలైన విండోస్ విస్టాలో పాత గేమ్ పోర్టునకు ఆదరణ తొలగినది.

కాని కొత్త ద్వారమునకు రెండు తీగలు చాలవు. మాటలాడ నేర్చిన చిప్పు ఉండవలెను. స్విచ్చి తగిలించుకొనువానికి పూర్వపు సౌకర్యము తగ్గినది. 2018లో మైక్రోసాఫ్ట్ వికలాంగుల కొరకు వెలువరించిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలరుకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రములు పందొమ్మిది అమర్చిరి. వానిలో సామాన్యపు స్విచ్చిలను తగిలింపవచ్చును. అంతకు నలువదేండ్ల మునుపటి తొమ్మిది సూదుల ప్లగ్గులోని సులభసూత్రమే మరల అవసరమైనదని దీనివలన తెలియుచున్నది.

మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది: బరువు ప్రాసెసరు మీదను, పిమ్మట ఆటగాని మీదను పడినది. ఇక రెండవ ప్రశ్న. పాత జాయ్‌స్టిక్కును నేటి యంత్రమునకు కలుపగోరువాడు ఒక చిన్న చిప్పును మధ్యవర్తిగా నుంచి, అదే లక్ష ఓముల నిరోధమును కొలిపించి, యు.ఎస్.బి. భాషలో చెప్పించుచున్నాడు. ఐ.బి.ఎమ్. వారి పుట మిగిలియున్నది గనుక ఆ పని సుకరము. విధానము వెల్లడికాని పిడి విషయములో సంకేతములను ఒక్కటొక్కటిగా పరీక్షించి ఊహింపవలసినదే. పరికరము చేసినవారు అది పనిచేయు విధమును కూడ తమతో తీసికొనిపోయినచో వెనుకటివారికి మిగులునది మూగవస్తువు. ఫైలులో సరియైన నోటు వ్రాసి పోయిన ఉద్యోగి విలువ అతని స్థానమునకు వచ్చినవానికి తెలియును. ఈ పిడి విషయమునను అంతే.

ఈ సభలోని యువకులు పాత పెట్టెలో నెవరిదైన జాయ్‌స్టిక్కు కనబడినచో పారవేయుటకు ముందు విప్పి చూచెదరు గాక. రెండు మరలు, కొన్ని తీగలు, రెండు స్విచ్చిలు కనబడును. చూచి తెలిసికొన్నది ఒక కాగితముపై వ్రాసి ఆ పెట్టెలోనే యుంచుట ఉచితము.