ఫోను మన జేబులో ఉంది, తాళం ఎవరి జేబులో ఉంది?

(మాకవరపాలెంలో మన పేటల యువకులు పెట్టుకున్న సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ఉపన్యాస పాఠం)



ఈ సభ పెట్టిన తమ్ముళ్ళు మాకిచ్చిన విషయం సెల్‌ఫోను, యాపులు, సాఫ్టువేరు. వెనక కూర్చున్న పెద్దోళ్ళు నవ్వుతున్నారు. ఇదేం సభరా, సెల్లు మీద ఉపన్యాసమా అని. నవ్వాల్సిన పని లేదు. ఈ రోజు కూలి డబ్బులు పడాలన్నా, బియ్యం కార్డు నిలవాలన్నా, పిల్లోడికి స్కాలర్‌షిప్పు రావాలన్నా దారి ఆ ఫోనులోంచే పోతోంది. ఒకప్పుడు ఈ బావి ఎవరిదని అడిగాం, ఈ చెరువు ఎవరిదని అడిగాం. ఇప్పుడు ఈ ఫోను వెనకాల ఉన్న యంత్రం ఎవరిదని అడగాలి. ఇదీ అలాంటి ప్రశ్నే.

మా తరం వాళ్ళం కంప్యూటరుని మొదట చూసింది అద్దాల తలుపు ఇవతల నిలబడి. లోపల ఏ.సి. గది. చెప్పులు బయట విప్పి రమ్మనేవారు. గుడి దగ్గర కులం అడ్డం, ఆ గది దగ్గర ఫీజు అడ్డం. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ తెరిచారు. భూములు అమ్ముకోగలిగిన వాళ్ళ పిల్లలు అమీర్‌పేటలో కోర్సులు చేసి అమెరికా ఎక్కారు. అమ్ముకోడానికి భూమి లేని ఇళ్ళలో మొదటి డిగ్రీ చదివిన మేము డీఎస్సీ రాసి బడి పంతుళ్ళమయ్యాం.

ఇప్పుడు మన పేటల్లో ఇరవై ఏళ్ళ కుర్రాడు ఫోను వెనక మూత ఊడదీసి మళ్ళీ బిగించేస్తున్నాడు. ఏ ఫోనుకి ఎంత ర్యాము, ఏ యాపు బ్యాటరీ తినేస్తాది, ఏది దొంగ యాపు, అన్నీ గడగడా చెప్తాడు. మన తాతలు తోలు పట్టుకు చూసి చెప్పు ఎన్నాళ్ళు మన్నుతాదో చెప్పేవారు. అదే చెయ్యి, అదే కన్ను. ఇది గర్వపడాల్సిన సంగతి. ఆ కుర్రాళ్ళు మాతో తరచు అనే మాటలు నాలుగున్నాయి. వాళ్ళని తక్కువ చెయ్యడానికి కాదు, వాళ్ళ తెలివి మన పేటకి ఎలా పనికొస్తాదో చూడ్డానికి ఆ నాలుగూ మాట్లాడుకుందాం.

మొదటి మాట: "మాస్టారూ, మిషనుకి కులం లేదు."

నిజమే, ఇనుముకి కులం లేదు. కానీ ఆ ఇనుము దగ్గర కూర్చున్న మనిషికి ఉంది. అమెరికాలో, కాలిఫోర్నియాలో సిస్కో అని పెద్ద కంపెనీ ఉంది. అక్కడ పనిచేసే ఒక దళిత ఇంజనీరు మీద మన దేశం నుంచి వెళ్ళిన పై కులాల పైఅధికారులు కులవివక్ష చూపారని 2020లో అక్కడి ప్రభుత్వ శాఖ కేసు వేసింది. 2023లో ఆ అధికారులిద్దరి మీద కేసు వెనక్కి తీసుకుంది గానీ కంపెనీ మీద కేసు వదల్లేదు. అదే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు పాస్ చేసింది, అక్టోబరులో గవర్నరు దాన్ని తిప్పి కొట్టాడు. ఏడు సముద్రాలు దాటినా కులం పాస్‌పోర్టు లేకుండానే దిగిపోయింది.

అది మనుషుల సంగతి, మిషను సంగతి చెప్పండి అంటారా? పక్కనే ఉన్న తెలంగాణ చూడండి. 2014 నుంచి 2019 మధ్య అక్కడ 18 లక్షలకు పైగా రేషను కార్డులు ముందు చెప్పకుండా రద్దు చేశారు. ఎవరు అర్హులో, ఎవరు కాదో తేల్చడానికి కంప్యూటరు లెక్కల్ని వాడారు. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారుందని ఆ లెక్క తేల్చింది. కారు పేరుతో బియ్యం ఆగిపోయింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డుల్ని మళ్ళీ తనిఖీ చెయ్యమనాల్సి వచ్చింది. మునసబు కార్డు కొట్టేస్తే ఇంటి ముందు నిలబడి అడగొచ్చు. కంప్యూటరు కొట్టేస్తే ఎవరింటి ముందు నిలబడాలి? మిషనుకి కులం లేదు సరే. కానీ దాని తప్పు ఎప్పుడూ లేనోడి కంచం మీదే ఎందుకు పడతాది?

రెండో మాట: "యాపు వస్తే దళారీ పోతాడు."

ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని మనం వదులుకోకూడదు. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. మన రాష్ట్రంలో మస్తర్లు, కూలి చెల్లింపులు మొదట్లోనే కంప్యూటర్లోకి ఎక్కించారు. 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కంప్యూటర్లోంచి తీసిన కాగితాలు పట్టుకుని కుర్రాళ్ళు ఇంటింటికీ తిరిగారు. ఫలానా అప్పయ్యా, నువ్వు ఇన్ని రోజులు పని చేశావంట, ఇంత తీసుకున్నావంట, నిజమేనా అని అడిగారు. చచ్చిపోయినోళ్ళ పేరు మీద డబ్బులు తీసిన సంగతులు సభలో బయటపడ్డాయి. డబ్బు కక్కించారు కూడా. అప్పుడూ కంప్యూటరే. కానీ అప్పుడు దాని కన్ను ఆఫీసు వైపు తిరిగి ఉంది, మనం చూసేవాళ్ళం.

2021 మేలో ఎన్.ఎం.ఎం.ఎస్. అని హాజరు యాపు తెచ్చారు. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, అన్ని పనులకీ తప్పనిసరి చేశారు. రోజుకి రెండుసార్లు పని దగ్గర కూలీల ఫొటో ఎక్కించాలి. మేటు సొంత ఫోను, సొంత రీచార్జి. కొండ వార గెడ్డలో సిగ్నలు లేకపోతే పొద్దున్నించి తవ్విన మట్టి తవ్వనట్టే. పని అయిపోయినా రెండో ఫొటో కోసం ఎండలో కూర్చోవాలి. అదే కంప్యూటరు, కానీ కన్ను మన వైపు తిరిగింది. 2023 ఫిబ్రవరిలో కూలీలు ఢిల్లీ పోయి జంతర్ మంతర్ దగ్గర రోజుల తరబడి ధర్నా చేశారు.

పోనీ, దొంగతనం ఆగిందా? 2025 జులైలో కేంద్ర ప్రభుత్వ గ్రామీణాభివృద్ధి శాఖే ఉత్తర్వు ఇచ్చింది. సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారు, కాబట్టి మనుషులే కూర్చుని ఫొటోలన్నీ చూడండి అని. దొంగ దొంగలాగే ఉన్నాడు. ఎండలో కూర్చున్నది మాత్రం మన అమ్మలు.

ఇంకో మాట. 2022 ఆగస్టులో ప్రభుత్వ బడుల టీచర్లకి ముఖం చూపించి హాజరు వేసే యాపు వచ్చింది. సొంత ఫోన్లలో వెయ్యమని ఉపాధ్యాయ సంఘాలు అడ్డం తిరిగాయి. పేపర్లన్నీ రాశాయి. మరి అదే సంగతి కూలి అమ్మకి జరిగితే ఎన్ని పేపర్లు రాశాయి? మాస్టరుకి సంఘం ఉంది, జీతం నెలాఖరుకి పడతాది. కూలీకి సంఘం లేదు, పొద్దున ఫొటో పడకపోతే రాత్రికి గంజి లేదు. తేడా యాపులో లేదు, సంఘంలో ఉంది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం చేసింది. 100 రోజుల్ని 125 రోజులన్నారు. వ్యవసాయ పనుల రోజుల్లో 60 రోజుల వరకు పని ఆపొచ్చని కూడా అందులోనే రాశారు. పేరు మారినా వేలిముద్రలు, సెల్‌ఫోను మీద నిఘా అందులోనూ ఉన్నాయి. అంటే ఈ కొట్లాట అయిపోలేదు.

అయితే ఏం చేద్దాం, ఫోన్లు గెడ్డలో పారేద్దామా? కాదు. ఇక్కడే బాబాసాహెబ్ దారి చూపించారు. యంత్రాలు వద్దు, రాట్నం చాలు అని గాంధీగారన్నప్పుడు అంబేద్కర్ ఒప్పుకోలేదు. కాంగ్రెసూ గాంధీ అంటరానివాళ్ళకి ఏం చేశారో లెక్కతీస్తూ 1945లో అచ్చువేసిన పుస్తకంలో వివరంగా రాశారు. మనిషికి తీరిక కావాలి, తీరిక ఉంటేనే చదువూ సంస్కారమూ, ఆ తీరిక యంత్రమే ఇవ్వగలదన్నది ఆయన వాదన. కీడు యంత్రంలో లేదు, దాని ఫలితం కొద్దిమందికే చేరేలా కట్టిన సమాజంలో ఉందన్నారు. పశువులా మోసినోళ్ళకి తెలుసు యంత్రం విలువ. పాకీపని తట్టని ఎత్తిన తల్లికి చెప్పండి చూద్దాం, యంత్రం వద్దని! కాబట్టి మన ప్రశ్న యంత్రం కావాలా వద్దా అని కాదు. ఎవరి చేతిలో, ఎవరి మేలుకి అని.

మూడో మాట: "మంచి ఫోనుంటే నలుగురూ గౌరవిస్తారు."

ఈ మాట వింటే మాకు కోపం రాదు, బాధేస్తాది. తలకి పాగా చుట్టుకుంటే, కాళ్ళకి చెప్పులేసుకుంటే కొట్టిన ఊళ్ళలో పుట్టిన బిడ్డకి మంచి వస్తువు చేతిలో ఉండాలనిపించడం తప్పు కాదు. బాబాసాహెబ్ సూటు వేసుకున్నారు. కానీ ఆయన ఆ సూటు వాయిదాల మీద పరువు తాకట్టు పెట్టి వేసుకోలేదు.

ఫోను వాయిదా కట్టడానికి లోను యాపు, ఆ లోను కట్టడానికి ఇంకో లోను యాపు. అది నీ ఫోనులో ఉన్న పేర్లన్నీ లాక్కుంటాది. కట్టకపోతే నీ చెల్లెలి ఫొటో మార్చి చుట్టాలందరికీ పంపుతాది. వీటివల్ల మన రాష్ట్రంలో ప్రాణాలు పోయాయి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది. లోను యాపు నీ పేర్ల పుస్తకం, ఫొటోలు, కాల్సు ముట్టుకోకూడదు. అప్పు ఏ బ్యాంకు ఇస్తోందో ముందే చెప్పాలి, డబ్బు నేరుగా నీ ఖాతాలోకే రావాలి. ఇవి అడిగే యాపు వడ్డీ వ్యాపారి కాదు, దొంగ. మోసపోతే సిగ్గుపడి ఉరితాడు వెతక్కండి, 1930కి ఫోను చెయ్యండి. అది సైబరు నేరాల నెంబరు. మీ దగ్గర ఉన్న కుర్రాణ్ణి లేపండి. సిగ్గుపడాల్సింది మనం కాదు.

వస్తువు ఇస్తే చదువొచ్చేస్తాదన్నదీ ఇలాంటి భ్రమే. 2022 డిసెంబరు 21 నుంచి మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. పాఠాలు బైజూస్ కంపెనీవి. ఏడాదిన్నర తిరిగేసరికి, 2024 జులైలో ఆ కంపెనీ దివాలా కోర్టులో పడింది. పేద పిల్లోడికి ట్యాబు వద్దని మేము అనం, ఉన్నోడి పిల్లలకే ఉండాలా? కానీ కంపెనీ మూతపడినా పలక మూతపడదు. చదవడం రాని పిల్లోడికి బొమ్మ పలకరించదు, మాస్టరూ తల్లీ పలకరించాలి.

నాలుగో మాట: "గూగుల్ వస్తోంది, ఉద్యోగాలు మన ముంగిట్లోకే."

2025 అక్టోబరు 14న ఢిల్లీలో ఒప్పందం జరిగింది. విశాఖ చుట్టూ గూగుల్ డేటా సెంటరు, అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు అన్నారు. తర్లువాడ పేరు, మన అనకాపల్లి జిల్లాలో రాంబిల్లి పేరు వినపడ్డాయి. రానివ్వండి. కానీ డేటా సెంటరంటే ఏటో పిల్లలకి తెలియాలి. అది మనుషులు నిండిన ఆఫీసు కాదు, యంత్రాలు నిండిన గోదాము. కరెంటు చాలా కావాలి, చల్లబరచడానికి నీళ్ళో మరో ఏర్పాటో కావాలి. కట్టేటప్పుడు కూలీలు కావాలి, కట్టాక కొద్దిమంది చాలు. మన మండలంలో రాచపల్లి మనకి ఎరుకే. ఆన్రాక్ ఫ్యాక్టరీ అన్నారు, ఉద్యోగాలన్నారు. కట్టిన ఫ్యాక్టరీ బాక్సైటు అందక ఏళ్ళ తరబడి నడవలేదు. అందుకని ఉద్యోగం అన్న మాట వినగానే భూమి ఎవరిది, డి-పట్టా రైతుకి ఎంత, ఉద్యోగాలెన్ని, ఎవరికి, ఏ కాగితం మీద అని అడగాలి. అడిగితే అభివృద్ధికి అడ్డం కాదు, అడగటమే అభివృద్ధి.

ఇప్పుడు తాళం సంగతి. సాఫ్టువేరుకి మూలకోడు ఉంటాది. కంపెనీలు దాన్ని చూపించవు. నువ్వు వాడు, డబ్బు కట్టు, లోపల ఏముందో అడక్కు అంటాయి. ఈ మాట మనకి కొత్తా? వేదం వినకూడదు, వింటే చెవిలో సీసం పొయ్యాలన్న దేశం మనది. అయితే లోకంలో వేరే దారి వేసినోళ్ళూ ఉన్నారు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, మూలకోడు అందరూ చదవాలి, మార్చుకోవాలి, పంచుకోవాలి అని పని మొదలెట్టాడు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు లైనక్సు రాసి బయట పెట్టాడు. మీ ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది ఆ లైనక్సే. మన తెలుగు నేల మీద స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు ఈ పని తెలుగులో చేస్తూ వచ్చారు. అంటే ఈ విద్యకి తలుపు తెరిచే ఉంది. పాత కంప్యూటరు ఒకటి, లైనక్సు ఉచితం, నేర్చుకోవాలన్న పట్టుదల. చెవిలో సీసం పోసేవాడు లేడు. లోపలికి వెళ్ళాలి.

అందుకే ఈ సభ నుంచి నాలుగు పనులు ఎత్తుకుందాం.

ఒకటి, ప్రతి పేటలో ఇద్దరు, అందులో ఒక ఆడపిల్ల, ఒక పుస్తకం పెట్టండి. ఏ రోజు ఎవరి హాజరు పడలేదు, ఎవరి వేలిముద్ర పడలేదు, ఎందుకు? తేదీ వేసి రాయండి. నోటిమాట గాలికి పోతాది. కాగితం మీద అర్జీ ఇచ్చి రసీదు అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది.

రెండు, కూలి పడలేదన్న ప్రతివాళ్ళ ఆధారూ ఏ బ్యాంకుకి కలిసి ఉందో చూడండి. ఆధారు మీద వేసే డబ్బు చివరగా కలిపిన ఖాతాకి పోతాది. మొన్న ఎవరో కొత్త ఖాతా తెరిపిస్తే, డబ్బు అందులో పడి ఉంటాది, అమ్మ పాత బ్యాంకు చుట్టూ తిరుగుతూ ఉంటాది.

మూడు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్నది, లోను యాపు నియమాలు, ఇంటింటికీ తిరిగి ముసలమ్మకి అర్థమయ్యేలా చెప్పండి. డబ్బు తీసుకోకుండా చెప్పండి. పాత దళారీని తీసేసి మనమే కొత్త దళారీలమైతే ఏం లాభం?

నాలుగు, అంబేద్కర్ భవనంలో బాబాసాహెబ్ బొమ్మ కింద ఒక కంప్యూటరు పెట్టండి. సాయంత్రాలు పిల్లలకి నేర్పండి. చెప్పులు విప్పించకండి.

ఫోను బాగుచెయ్యడం నేర్చిన తమ్ముడా, నీ చెయ్యి మంచిది. ఆ చెయ్యి ఫోను దగ్గరే ఆగిపోకూడదు. సర్కారు యాపు తప్పు చేసిందని చూపించగలిగేది మా పలకా బలపం కాదు, నువ్వు. ఫొటో ఎందుకు పడలేదో మేము ఊహించగలం, నువ్వు రుజువు చెయ్యగలవు. ఆ రుజువు పట్టుకుని కూలి అమ్మ వెనక నిలబడు. మేమంతా నీ వెనక నిలబడతాం.

జై భీం.