'ఆడం' అనే హక్కు

(విద్యార్థుల విహారయాత్రల గురించి మేడ్చల్‌లో ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి మేడ్చల్, శామీర్‌పేట బడిపిల్లల్ని అరకు తీసుకపోదామని కొందరు, కేస్లాపూర్ నాగోబా జాతరకు తీసుకపోదామని కొందరు అంటున్నరు. పోదాం. కాని పోయే ముందు మన దగ్గరి ముచ్చట ఒకటి మాట్లాడుకోవాలె.

శామీర్‌పేట రోడ్డు పొంటి రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు లేచినయి. పెళ్లివాళ్లు దిగంగనే గేటు కాడ మా వాళ్లు డప్పు కొడతరు. కార్లు దిగినోళ్లు పక్కన నిలబడి ఫొటో దిగుతరు, 'పల్లె సంస్కృతి' అని మురుస్తరు. కొట్టినాయన తిన్నడా, ఎక్కడ కూసుని తిన్నడు అని అడిగేటోళ్లు లేరు. డప్పు కావాలె, డప్పు కొట్టెటాయన పక్కన కుర్చీల కూసునుడు వద్దు. దీన్నేనా సంస్కృతిని గౌరవించుడంటే?

మా తాతలు చావుకు, చాటింపుకు డప్పు కొట్టింది ముచ్చటపడి కాదు. అది వెట్టి. 'కొట్టం' అని ఎదురు తిరిగినంకనే డప్పు మాదైంది. 1994లో మొదలైన మాదిగ దండోరా అదే డప్పును ఉద్యమానికి గొంతు చేసింది. డప్పు మారలేదు. కొట్టాల్నా వద్దా అని నిర్ణయించేటోళ్లు మారిన్రు.

ఈ కండ్లతోనే అరకును చూడాలె. థింసా అక్కడి ఆదివాసులు పెళ్లిళ్లకు, పండుగలకు కలిసి ఆడుకునే ఆట. ఇప్పుడది టూరిస్టు ప్యాకేజీల ఒక ఐటెం. ఆడినోళ్లకు ఎంత ముడుతుంది, ఇయ్యాల ఆడమంటే చెల్లుతుందా అని ఎవరం అడగం. అక్కడి బొర్రా గుహలు చూసి వస్తం. ఆ బొర్రా చుట్టూ ఆదివాసుల నేలను గనులకు లీజుకిస్తే 'సమత' సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చుడు చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పాఠం పిల్లలకు చెప్పకుంటే ఆ టూరు ఎందుకు?

కేస్లాపూర్ సంగతీ అంతే. మెస్రం వంశపు గోండులు కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెచ్చి, పుష్య అమావాస్య నాడు నాగోబాకు పూజ చేస్తరు. కొత్త కోడళ్లను దేవునికి చూపిస్తరు. అది వాళ్ల ఇంటి తంతు, మన కెమెరాల కోసం పెట్టింది కాదు. అదే మండలం ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న భూమి కోసం కదిలిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. జాతర చూసి, అమరుల స్తూపం కాడ ఆగకుంట బస్సు తిప్పుకొస్తే మనం సగమే చూసినట్టు.

ఇది మన దేశంలనే ఉన్న రోగం కాదు. ఉత్తర ధ్రువం దిక్కు, ఫిన్లాండ్‌లో సామీ అనే ఆదివాసులున్నరు. సామీలు కానోళ్లు వాళ్ల బట్టలు కట్టుకొని టూరిస్టుల ముందు యాపారం చేసిన్రు. 2018లో సామీ పార్లమెంటు, తమ సంస్కృతితో నడిచే టూరిజం ఎట్లుండాల్నో తానే నియమాలు రాసింది. రాసింది టూరిస్టు కంపెనీలు కాదు, సామీలే. అసలు సంగతి అదే.

అందుకే మేం అడిగేది మూడు మాటలు. ముందుగాల ఆ ఊరి పెద్దలను అడిగి, రమ్మంటేనే పోవాలె. ఫొటోకు ఒప్పుకోకుంటే కెమెరా సంచిల పెట్టాలె. ఇచ్చే పైసలు దళారికి కాదు, ఆడినోళ్ల చేతికి ముట్టాలె.

వాళ్లు ఆడితే చూద్దాం. 'ఇయ్యాల ఆడం' అంటే దండం పెట్టి వద్దాం. ఆ మాట విలువ డప్పు కొట్టిన మాకు తెలుసు. మన పిల్లలకూ తెలియాలె.