ఫలితమునుబట్టి ధనసహాయము – గ్రంథాలయమునకు కార్యప్రణాళిక



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమున, ఉత్సవదినమున పుస్తకముల సంఖ్యయు, దాతల నామములును చదువుట ఆచారము. ఆ ఆచారము మంచిదే. కాని ధనసహాయము చేయు సంస్థలు కొన్ని ఇటీవల మరియొక ప్రశ్న వేయనేర్చినవి. బీరువాలలో ఎన్ని పుస్తకములున్నవని గాక, ఆ పుస్తకములవలన గ్రామములో ఏమి మారినదని అవి అడుగుచున్నవి. మారినదని ఋజువైన పిమ్మటనే సొమ్ము చెల్లించెదమనుచున్నవి. దీనికే ఫలితాధార ధనసహాయమని పేరు.

గ్రంథాలయములకు ఇంతవరకు అలవాటైన సహాయము వేరు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టమువలన ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను వసూలగును. ఆ యింటివారు పుస్తకము ముట్టినను, ముట్టకున్నను పన్నులో భేదములేదు. 1972లో కలకత్తాలో నెలకొల్పబడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానము రాష్ట్రము తన వాటా నిచ్చినచో తానును వాటా చేర్చి పుస్తకములు సమకూర్చును. అచ్చటను చూచునది పుస్తకములు చేరినవా లేదా అనియే. ఈ సహాయములు లేనిదే పెక్కు గ్రంథాలయములు నిలువజాలవు. వానిని చిన్నచూపు చూడరాదు. అయితే ఫలితాధార సహాయమున కాలక్రమము తలక్రిందులగును. ముందు పని, తరువాత సొమ్ము. సొమ్ము వచ్చిన పిమ్మట చూచుకొందమను పాతమాట ఇచ్చట చెల్లదు. సంవత్సరము ఆరంభము కాకపూర్వమే కార్యప్రణాళిక కాగితముపై ఉండవలెను.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. ఇంగ్లండులో 1862వ సంవత్సరమున రాబర్ట్ లో అను మంత్రి పాఠశాలలకిచ్చు సర్కారు గ్రాంటును పిల్లల పరీక్షా ఫలితములతో ముడివేసెను. హాజరునుబట్టి పిల్లవానికి 4 షిల్లింగులు; తగినన్ని దినములు బడికి వచ్చిన ఆరేండ్లు దాటిన పిల్లవానికి మరి 8 షిల్లింగులు. చదువుట, వ్రాయుట, లెక్కలు – ఈ మూటిలో ఒకదానియందు తప్పినచో ఆ యెనిమిదింటిలో మూడవవంతు కోత. చూచుటకు ఎంత న్యాయముగానున్నది! జరిగినదేమనగా, ఉపాధ్యాయులు ఆ మూడు విషయములనే పట్టుకొనిరి. చరిత్ర, భూగోళము మూలబడినవి. పరీక్షకు నిర్ణయించిన వాచకమును పిల్లలు కంఠస్థము చేసిరి. ఆనాడు పాఠశాలల తనిఖీదారుగా నుండిన మాథ్యూ ఆర్నాల్డ్ అను కవి, నిజముగా చదువ నేర్వని పిల్లలనైనను ఉపాయముతో ఆ పరీక్ష దాటింపవచ్చునని తన నివేదికలో బయటపెట్టెను. ఆ పద్ధతిని విడిచిపెట్టుటకు ఇంగ్లండునకు 1890వ దశకము పట్టినది.

మద్రాసు రాజధానియందును ఆ కాలముననే ఈ గ్రాంటు ప్రవేశించి, తెలుగు జిల్లాల వీధిబడుల వరకు వచ్చినది. ఇన్‌స్పెక్టరు వచ్చు దినము గ్రామోపాధ్యాయునకు జీవనాధారమును నిర్ణయించు దినమైనది. 1882 నాటి హంటర్ కమిషన్ సయితము దేశీయ ప్రాథమిక పాఠశాలల విషయమున దీనిని సమర్థించినది. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో గాని అది తొలగలేదు.

కావున ఫలితమును అడుగుటయందు తప్పులేదు; ఏది ఫలితమని లెక్కింతురో అచ్చటనే చిక్కు. సందర్శకుల పుస్తకములోని సంతకములనుబట్టి సొమ్ము వచ్చునని తెలిసినచో, ఆ పుస్తకము దానంతటదియే నడచి టీకొట్టు చేరును. ఇష్యూ రిజిస్టరునుబట్టి వచ్చునన్నచో, ఒకే నవల ఒకే యింటికి వారమునకు మూడుమారులు పోయివచ్చును. ఇది మనుష్యుల దుర్బుద్ధి యనుటకంటె కొలతబద్ద లోపమనుట సమంజసము.

సరియైన కొలతబద్దతో ఏమి సాధ్యపడునో రాజస్థానములోని భీల్వాడా జిల్లా చూపినది. అచ్చట 2015 మొదలు 2018 వరకు ఎడ్యుకేట్ గర్ల్స్ అను సంస్థ నూటయరువదికి పైగా పాఠశాలల పరిధిలో, బడి మానిన బాలికలను బడిలో చేర్చుటకును, పిల్లలకు చదువు, లెక్కలు నేర్పుటకును పూనుకొన్నది. పెట్టుబడిగా యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్ సుమారు 2,70,000 డాలర్లు ముందుగా ఇచ్చెను. ఫలితము కనబడినచో ఆ సొమ్మును అదనముతో తీర్చుటకు చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్ అంగీకరించెను. ఫలితము లెక్కించినవారు ఈ మువ్వురు గాక నాల్గవవారు – ఐడీఇన్‌సైట్ అను సంస్థ. చెల్లింపులో ఐదింట నాలుగుపాళ్ళు పిల్లల అభ్యసనమునకు, ఒక్కపాలు మాత్రము బడిలో చేరికకు. పేరు వ్రాయించుట సులభము, చదువు నేర్పుట కష్టము గనుక కష్టమైన దానికే బరువిచ్చిరి.

ఇందు గమనింపదగినది మొదటి రెండేండ్ల కథ. రెండవ యేడు ముగియునప్పటికి అభ్యసనములో మూడేండ్ల లక్ష్యమున ఇంచుమించు సగము మాత్రమే నెరవేరినది. మిగిలినది ఒక్క యేడు. పాతపద్ధతి గ్రాంటైనచో నివేదికలో నాలుగు మంచిమాటలు వ్రాసి ఊరకుందురు. ఇచ్చట ఊరకుండుటకు వీలులేదు. వారు ఏ పిల్ల ఎచ్చట వెనుకబడినదో చూచి, తరగతినిబట్టి గాక నేర్పునుబట్టి జట్లు కట్టిరి, పాఠములను మార్చిరి, తరగతులకు రానివారి యిండ్లకు పోయి చెప్పిరి. మూడవ యేటి చివరకు అభ్యసనము లక్ష్యమునకు నూటికి 160 వంతులైనది. గుర్తించిన బాలికలలో నూటికి 79 మందిని చేర్పవలెనని లక్ష్యముండగా 92 మంది చేరిరి. కార్యప్రణాళిక యనగా మొదట వ్రాసి అటక నెక్కించునది కాదు, నడుమ దిద్దుకొనునది.

ఇక గ్రామ గ్రంథాలయము మాట. ఉదాహరణకు ఒక గ్రంథాలయమువారు, మూడు నుండి ఐదు తరగతుల పిల్లలు క్రొత్తకథను తడబడక చదివి, దానిని సొంతమాటలలో చెప్పగలుగుటయే తమ ఫలితమని నిర్ణయించుకొనిరనుకొనుడు. మొదటి పని, బడులు తెరచు జూన్ మాసముననే ప్రతి పిల్లవానిచేతను చదివించి, ఎవరు ఏ మెట్టున నున్నారో వ్రాసికొనుట. ఈ తొలిలెక్క లేనిదే తుదిలెక్కకు అర్థములేదు. నలువదిమందిలో ఇరువదిమంది ముందే చదువగలవారైనచో, మార్చిలో ముప్పదిమంది చదివిరనుటలో గ్రంథాలయపు పాలు పదిమందియే. తొలిలెక్క యున్నచోట చురుకైన పిల్లలను మాత్రము ఏరుకొని గొప్ప చెప్పుకొనుటకును వీలుండదు.

పిమ్మట నెలల పంపకము. పన్నెండు నెలలకు సమముగా పంచుట కచేరి గుమాస్తాల పని. పల్లెలో కాలము అట్లు నడువదు. వరినాట్ల దినములలో పెద్దపిల్లలు తమ్ములను, చెల్లెండ్రను ఎత్తుకొని యింటనుందురు. కోతలనాడును అంతే. సంక్రాంతికి చుట్టములు. కావున దసరా తరువాతి రోజులలోను, సంక్రాంతి దాటిన వెనుక మార్చి వరకును పని బరువుగా నుంచి, నాట్లకాలమున తేలికగా నుంచవలెను. ప్రతి పనికి ఎదుట ఒక పేరుండవలెను. పాలకవర్గము చేయునని వ్రాసిన పనిని ఎవ్వరును చేయరు.

మూడవది, ఫలితము వచ్చువరకు గడచుట ఎట్లు? పిల్లల పుస్తకములు, దీపము ఖర్చు, పిల్లలను చూచుకొను వారికి ఇచ్చు స్వల్ప భృతి – ఇవి ముందుగానే కావలెను. రాజస్థానమున పెట్టుబడి పెట్టుటకొక సంస్థ ముందుకు వచ్చినది. గ్రామమున అట్టివారు లేరు. చందాలనుండియో, నిలువనిధినుండియో ఎంత తీయవచ్చును, ఫలితము రాకున్నచో ఆ నష్టమును భరింపగలరా యని సర్వసభ్య సమావేశమున తేల్చుకొనవలెను. నిలువనిధి నంతటిని ఒడ్డుట జూదము. అందు మూడవవంతునకు మించి తీయకుండుట క్షేమము.

లెక్కించువాడు వేరుగా నుండవలెను. పిల్లలకు నేర్పిన కార్యదర్శియే పరీక్షించి ధ్రువపత్రము వ్రాసినచో సొమ్మిచ్చువారు నమ్మరు; నమ్మనక్కరయు లేదు. పొరుగూరి ప్రధానోపాధ్యాయునివంటివారిని అడుగవచ్చును. జమాఖర్చుల విషయమున ఇంకను జాగరూకత వలెను. పదునైదవ ఆర్థికసంఘము 2021–26 కాలమున గ్రామ పంచాయతీల గ్రాంటులకు సయితము, లెక్కలు ఆన్‌లైనులో అందరికిని కనబడునట్లుంచుట షరతుగా పెట్టినది. పంచాయతీకి వచ్చిన షరతు గ్రంథాలయమునకు రాదనుకొనుట తగదు.

కొన్ని ఒడంబడికలకు చేవ్రాలు చేయకుండుటయు ప్రణాళికలో భాగమే. పదవ తరగతి ఉత్తీర్ణుల సంఖ్యనుబట్టి సొమ్ము ఇచ్చెదమని ఎవరైన వచ్చినచో, గ్రంథాలయమువారు నమస్కరించి పంపివేయుట మేలు. ఆ ఫలితము పాఠశాల చేతిలోను, ఇంటిచేతిలోను ఉన్నది గాని గ్రంథాలయము చేతిలో లేదు. పదియూళ్ళు నడచి పుస్తకము కొరకు వచ్చు ఒక వృద్ధుని ఆనందమును ఏ కొలతబద్దయు కొలువజాలదు. అట్టి పాఠకుల సేవకు చందాలును, పన్నును ఉండనే యున్నవి. ఫలితపు సొమ్ము కొరకు వారి బల్లను, వారి వార్తాపత్రికను తీసివేయరాదు.

పాలకవర్గమువారికి ఈ విషయము సమ్మతమైనచో, రాబోవు జూన్ మాసమునకు ముందే ఒక పెద్దకాగితముపై గడులు గీయవచ్చును. పిల్లవాని పేరు, జూన్‌లో చదివిన మెట్టు, అక్టోబరు, జనవరి, మార్చి. దానిని కార్యదర్శి సొరుగులో గాక, వార్తాపత్రికలుంచు బల్లకు ఎదుటి గోడపై అంటింపవలెను. అయితే పిల్లల పేర్లకు బదులు అంకెలు వేయుట మంచిది. వెనుకబడిన పిల్ల నలుగురిలో చిన్నబోరాదు గదా. అక్టోబరు గడి నిండిన మరునాడే పాలకవర్గము కూర్చుండి, ఎవరికి మెట్టు మారలేదో వారి యిండ్లకు ఎవరు పోవలెనో నిర్ణయింపవలెను.